ఒకే రక్తం, రెండు కాగితాలు

అమీన్‌పూర్,
16 మార్చి 2025, ఆదివారం.

చిరంజీవి శ్రావణ్‌కుమార్‌కు మీ బావ పాండు దీవించి రాయునది.

ఇక్కడ మీ అక్క భవాని, నేను, అంకిత బాగున్నాం. అక్కడ నువ్వు, నిషిత బాగున్నారని తలుస్తాను అని రాయడం పద్ధతి. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు, వాట్సాప్‌లో బ్లాక్ చేశావు. అందుకే పదో తరగతి తర్వాత మళ్లీ ఇన్నాళ్లకు కాగితం మీద ఇంత పొడుగు రాస్తున్నాను. అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటే నవ్వుకో, కానీ చింపెయ్యకుండా చివరిదాకా చదువు.

ముందు మా కబుర్లు. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని కుదిరింది. పద్దెనిమిదేళ్లు కెమికల్ కంపెనీలో రియాక్టర్ వేడికి నిలబడ్డవాణ్ణి, ఇప్పుడు కార్లకు గేటు తీసి సలాం కొడుతున్నాను. అంకిత ఇంటర్ పరీక్షలు రాస్తోంది. సలాం కొట్టేటప్పుడు పొట్ట లోపలికి పట్టమని నాకు పాఠాలు చెబుతోంది. మీ అక్క రెండు ఇళ్లలో వంటకు పోతోంది. కిరాయి లేని గది ఇచ్చారు కాబట్టి గడుస్తోంది.

పోయిన వారం బాలప్ప మామ మనవడి పుట్టువెంట్రుకలకు మీ అక్క వచ్చింది కదా. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకముందే ఏడుపు మొదలుపెట్టింది. గుడి మెట్లు సగం ఎక్కి అక్కడే కూలబడ్డావట. మటన్ అంటే ప్రాణం పెట్టేవాడివి, రెండు ముద్దలు తిని విస్తరి పక్కకు జరిపావట. కాళ్లు గోక్కుని గోక్కుని పుండ్లు చేసుకున్నావట. అడిగితే షిఫ్టులు మారడం వల్ల అలసట అన్నావట. పని నుంచి రాగానే పడుకుంటాడు, లేచినా పడుకోనట్టే ఉంటాడు అని నిషిత చెప్పిందట. ఇస్నాపూర్ ఆర్‌ఎంపీ దగ్గర వారం వారం గ్లూకోజ్ ఎక్కించుకుంటున్నావని కూడా తెలిసింది. డ్రమ్ములు దించుతూ పాటలు పాడినవాడివి నువ్వు. నీకు అలుపేమిటి శ్రావణ్? నాకు భయంగా ఉంది.

ఇప్పుడు మనిద్దరికే తెలిసిన సంగతికి వస్తాను. పోయిన జూలైలో కంపెనీలో మెడికల్ పరీక్షలు పెట్టారు. నాకు షుగర్ మూడు వందలు దాటి ఉంది. బయటపడితే రియాక్టర్ మెట్లు ఎక్కనివ్వరు. కాంట్రాక్టు మనిషికి వేరే పని చూపించే ఓపిక ఎవరికుంటుంది? నేను బుగులుపడుతుంటే నువ్వే నా భుజం తట్టి, "పరేషాన్ గాకు బావా, నాది గుర్రం రక్తం. ఇద్దరికీ సరిపోతది" అన్నావు. ముందు నీ పేరు మీద ఎడమ చేతి నుంచి రక్తం ఇచ్చావు. తర్వాత నా హెల్మెట్, నా కార్డు, మొహానికి మాస్కు పెట్టుకుని మళ్లీ వరసలో నిలబడ్డావు. ఎడమ చేతికి దూది ఉంది గనుక కుడి చెయ్యి చాపావు. బయటికొచ్చి సమోసాలు తింటూ ఎంత నవ్వుకున్నాం! చిన్నపిల్లల్లాగా నవ్వుకున్నాం.

నా పేరు మీద వచ్చిన కాగితంలో షుగర్ లేదు, హెపటైటిస్ సి ఉంది. ఆ రోజే నా గేటు పాస్ గుంజుకున్నారు. నీ పేరు మీద వచ్చిన దాంట్లో ఏ రోగమూ లేదు. ఒకే మనిషి, ఒకే పూట, రెండు చేతుల రక్తం. ఒక కాగితం ఉందంది, ఒకటి లేదంది. ఏది నిజమని ఎవరిని అడగాలి? అడిగితే చేసిన దొంగతనం బయటపడుతుంది, ఇద్దరం రోడ్డు మీద పడతాం.

అయినా నీ గదికి వచ్చాను, మంచి దవాఖానలో మళ్లీ చూపించుకోమని. నా పని పోయినందుకు నీ మీద నింద వేస్తున్నాననుకున్నావు. నీ కాగితం తెచ్చి నా మొహం ముందు పెట్టి, "నా కాగితం సాఫ్ ఉంది సూడు. నీ పేరు మీదొచ్చిన రోగం నాకెందుకు అంటిస్తవు?" అన్నావు. తల వంచుకుని వచ్చేశాను. ఆ రోజు నుంచీ మన మధ్య మాటల్లేవు.

డిసెంబరులో సంగారెడ్డి పెద్ద దవాఖానకు పోయాను. ఈసారి నా చెయ్యే చాపాను. షుగర్ ఉంది, హెపటైటిస్ లేదు. డాక్టరమ్మ జూలై కాగితం, ఈ కాగితం పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. రెండుసార్లూ మీ రక్తమేనా అని అడిగింది. అవునన్నాను. అబద్ధం చెప్పిన నోటితోనే మళ్లీ సలహా అడగాల్సి వచ్చింది. చూడు నా బతుకు.

ఆమె మంచి మనిషి, విసుక్కోకుండా చెప్పింది. కంపెనీలో చేసిన పరీక్ష ఆ పురుగు ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే చెబుతుందట. ఇంకా ఉందా, పోయిందా తెలియాలంటే రక్తంతోనే ఇంకో పరీక్ష చెయ్యాలట. కొందరికి దానంతటదే పోతుందట. ఎక్కువ మందికి పోదట, ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా కాలేయంలో కూర్చుంటుందట. అలసట, దురద, ఆకలి చచ్చిపోవడం దానివల్ల కావచ్చు, కాకపోనూ వచ్చు అంది. మూడు నెలలు మాత్రలు వేసుకుంటే నూటికి తొంభై మందికి పైగా నయమవుతుందట, అక్కడ అవి ఉచితమేనట. వేసుకోకపోతే ఏమవుతుందని అడిగాను. కాలేయం గట్టిపడుతుంది అంది. మీకు లేదు కదా, మీకెందుకు ఈ బాధ అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఎక్కడి నుంచి వచ్చిందని తల బద్దలు కొట్టుకోకు. ఎవరి సూదో, ఎవరి బ్లేడో, ఎవరికి తెలుసు. సంగారెడ్డికి పో. పనికి ఒక్కరోజు సెలవు పెడితే చాలు, కంపెనీలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నిషితకు కూడా చేయించు. నీ బ్లేడు ఎవరినీ ముట్టనివ్వకు. నేను దవాఖాన గేటు దగ్గర నిలబడతాను. నాతో మాట్లాడకున్నా సరే, నువ్వు లోపలికి పోయింది చూస్తే చాలు నాకు.

నిన్ను ఎత్తుకుని తీసుకుపోదామంటే చంటిపిల్లాడివి కావు. మీ అక్కకు చెబుదామంటే ఆమె గుండె ఆగుతుంది. కంపెనీకి చెబుదామంటే నీ పని పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని పొద్దంతా ఇదే ఆలోచన. మీ బావకు ఇంతకంటే ఏం చెయ్యాలో తెలియడం లేదు శ్రావణ్.

నిషితకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
బావ పాండు.

తా.క.: కవరు అంటించి సోమవారం పోస్టాఫీసు దాకా పోయి, తిరిగొచ్చి విప్పి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇవి లేకపోతే నువ్వు సంగారెడ్డి పోవు. పైన ఒక కాగితం ఉందంది, ఒకటి లేదంది అని రాశాను. అది అబద్ధం. మొదటి జాబితాలో నా పేరు కంపెనీకి పోయి పాస్ గుంజుకున్న మర్నాడు, నా సామాను తెచ్చుకుందామని కాంట్రాక్టర్ ఆఫీసుకు పోయాను. రెండో జాబితా అప్పుడే వచ్చి, ఇంకా కంపెనీకి పోకుండా టేబుల్ మీద ఉంది. దాంతో వచ్చిన నీ కాగితంలోనూ రోగం ఉందనే ఉంది. నీ పెళ్లయి నాలుగు నెలలు కాలేదు, ఇంట్లో ఒక్కరి పని పోయింది చాలనుకున్నాను. గుమస్తా శివరామకృష్ణ గడ్డం పట్టుకుని బతిమాలి కంప్యూటర్‌లో దిద్దించాను. తర్వాత నీకు మెల్లగా చెప్పి మందులు ఇప్పిద్దామనుకున్నాను. ఆ రోజు నువ్వు దాన్నే నా మొహం ముందు పెట్టావు, నిజం చెప్పకుండానే వచ్చేశాను. ఎనిమిది నెలలుగా నువ్వు నమ్ముకున్న సాఫ్ కాగితం నేను చేయించింది. అప్పుడే తీసి దాచిన అసలుది ఇందులో మడిచి పెట్టాను. నన్ను తర్వాత తిట్టుకో. ముందు ఇది పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పో.