ఎల్లో పెట్టిన రోజు

నవంబర్ 4
వికారాబాద్ ఆఫీసులో ఇవాళ కూడా నేనొక్కదాన్నే. సూర్యుడి మీద ఏం పేలుతోందో, భూమి అయస్కాంత క్షేత్రం ఎంత ఊగుతోందో చూడటం, పొద్దున్నే సర్వే వాళ్లకు ఒక రంగు పంపడం, ఇదే నా పని. గ్రీన్ అంటే సౌర తుఫాను లేదు, జీపీఎస్‌ని నమ్మొచ్చు. రెడ్ అంటే తాండూరు సర్వే వాళ్లు ఆ రోజు కొలతలు ఆపేస్తారు. పోయిన నెల రెండుసార్లు రెడ్ పెట్టాను. రెండుసార్లూ తుఫాను రాలేదు. ఇంకొక్కటి తప్పిందా, కాంట్రాక్టు పోతుంది అశ్వినీ, దాంతోపాటు నువ్వూ, అని మా బాస్ నవీన్‌కుమార్ సార్ నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది.

నవంబర్ 7
నాన్న ఫోన్. బొంరాస్‌పేటలో మా పొలానికీ శ్రీశైలం చిన్నాయన పొలానికీ మధ్య హద్దు కొలవడానికి పన్నెండున వస్తున్నారట. వచ్చేది మా తాండూరు వాళ్లే! హద్దు మీద ఉన్న బోరు నాన్న వేయించాడు. గా బోరు నా దిక్కు ఉన్నది అంటాడు చిన్నాయన. తేడా అడుగు అటో ఇటో. ఆ నీళ్లు పోతే ఎండాకాలంలో గొర్లు అమ్ముకోవాల్సిందే.

నవంబర్ 10
సూర్యుడి మీద పెద్ద పేలుడు. అందులోంచి ఎగసిన కణాల మేఘం నేరుగా మన వైపే. పన్నెండు పొద్దున భూమిని తాకేలా ఉంది.

నవంబర్ 11
సార్‌కి చెప్పాను. నీ ఇష్టం, పేరు మాత్రం నీదే పెట్టుకో అన్నారు. నాన్నకు చెప్పాను. ఎర్రది పెట్టకు బిడ్డా, బీరన్న భయపడి బిడ్డతోని ఆపించిండని ఊరంత నన్నే అంటరు, అన్నాడు. చిన్నాయన అప్పుడే మొదలుపెట్టాడట, సూర్యుడు గూడ బీరన్న బిడ్డ చేతుల్నే ఉన్నడు, మస్తుగుంది అని.

రెడ్ పెడితే సొంత పొలం కోసం పెట్టినట్టు. గ్రీన్ పెడితే తెలిసి చెప్పిన అబద్ధం. ఎటు తిరిగినా గోడే. ఛీ, ఏం ఉద్యోగం ఇది.

నవంబర్ 12, ఉదయం
ఎల్లో పెట్టాను. జాగ్రత్తగా కొలుచుకోండి అని అర్థం. అంటే ఏ అర్థమూ లేదు.

నవంబర్ 12, మధ్యాహ్నం
తుఫాను వచ్చేసింది. తీవ్రత చెప్పే కేపీ సూచీ తొమ్మిదికి ఎనిమిది. ఇంత పెద్దది ఈ ఉద్యోగంలో నేను చూడలేదు. సర్వేయర్ సుశాంత్‌కి ఫోన్ చేశాను. పని అయిపోయింది మేడం అన్నాడు. చేతిలో పట్టుకుని కొలిచే జీపీఎస్ రోవర్‌లో కొలత ఎంతకీ నిలవలేదట. ఊగుతున్న అంకెలే తీసుకుని గీత గీసేశాడట. ఎల్లోనే గద మేడం, జర అటిటు ఉంటదనుకున్న, అన్నాడు. ఆ జర అటూ ఇటూలోనే మా బోరుంది నాయనా!

బోరు నాన్న వైపే పడింది. నాన్న ఫోన్లో ఏడ్చాడు, సంతోషంతో.

నవంబర్ 14
అన్నం సయించడం లేదు.

నవంబర్ 16
నాన్నకు చెప్పేశాను. ఆ కొలత నమ్మడానికి లేదు, మళ్లీ కొలిపిద్దాం అని. నువ్వు నా బిడ్డవేనా అని ఫోన్ పెట్టేశాడు. బోరు నిజంగా మాదే కావొచ్చు. కాకపోవచ్చు. నాకూ తెలియదు. అదే చెప్పాలనుకున్నాను, వినలేదు.

ధైర్యం పోకముందే చిన్నాయనకు కూడా ఫోన్ చేశాను. ఎల్లో పెట్టడం నా తప్పు, మళ్లీ కొలవమని అర్జీ పెట్టుకో అన్నాను. ఆలోచన చేసి చెప్త అన్నాడు.

నవంబర్ 18
చిన్నాయన వద్దన్నాడు. మళ్ల కొలిచినా నువ్వు గ్రీన్ అన్న రోజే గద కొలుస్తరు, గా కొలత గూడ మీ నాయన దిక్కే పడ్తది, అన్నాడు.