నీ వరుసలో సున్నా

లక్ష్మక్కా,

ఏటా వానాకాలంలో మనిద్దరం విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే ఆడవాళ్లను అడిగే ప్రశ్నలే, నువ్వు లేని ఈ ఏడు మా ఆడపడుచు సరోజతో కలిసి అడిగాను. దగ్గు అసలు లేకపోతే సున్నా, ఎప్పుడూ ఉంటే నాలుగు. మనం వేళ్ల మీద కూడిన మార్కులను ఇప్పుడు కంప్యూటర్ కూడి సగటు తీస్తోంది. సరోజ ఒక్కసారి ఆదేశాలు రాస్తే అన్నేళ్ల లెక్కా క్షణంలో వచ్చింది.

"అచ్ఛా అయింది వదినా, ఈసారి దగ్గు తగ్గింది" అంది.

నాకు ఒళ్లు మండింది. పొగాకు దుమ్ము ఎక్కడ తగ్గిందని? ఇంట్లో కూర్చుని చేసే పనికి జబ్బేమిటనే అధికారులను దవాఖానా అడగడానికే కదా ఈ లెక్క! వరుసలన్నీ వెతికాను. నువ్వూ బీడీలు చుట్టినదానివే కదా, ఈ ఏటి లెక్కలో నీ పేరు ఎదుట సున్నా ఉంది. జవాబు లేని ప్రతి గడిలోనూ కంప్యూటర్ సున్నా వేసి సగటు తీసింది.

"దగ్గుతోనే పోయిన మనిషికి దగ్గు లేదంటదా నీ మిషిన్?" అన్నాను.

మనం తిరిగిన మొదటి ఏడు, దగ్గుందా అని అడిగితే ఒక కోడలు అత్త ఎదుట నోరు విప్పలేదు. దగ్గు లేదన్నట్టే, సున్నా వేద్దామని నేను వాదించాను. "చెప్పలేదంటే లేదని గాదు పిల్లా. ఆ గడి ఖాళీగ ఇడువు" అన్నావు.

ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోవద్దని, నీ మాటనే సరోజ ఆదేశంగా రాసింది. మళ్లీ లెక్కవేస్తే దగ్గు ఏమీ తగ్గలేదు. రేపు ఆ కాగితంతోనే అధికారుల ఆఫీసుకు వెళ్తున్నాం. నీతో ఓడిన ఆ వాదనకు ఇవాళ నీకు దండం పెట్టాలనిపించింది.

ఈ ఏడు నీ వరుస ఖాళీగానే ఉంచామక్కా.