చూరు నీళ్లు

స్కెల్‌హోయ్, జట్లాండ్
ఏప్రిల్ 1932

ప్రియమైన ఎల్నా అక్కకి,

నువ్వు ఆర్హుస్‌లో ట్రాములెక్కి షికార్లు చేస్తున్నావు, నేనిక్కడ చర్చి బల్లల మీద సున్నపు దుమ్ము తుడవలేక చస్తున్నాను. కోపెన్‌హేగన్ మ్యూజియం నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. ఉత్తరపు గోడ, అదే మన ఆడవాళ్ల వైపు గోడ, దాని మీద సున్నాన్ని చిన్న కత్తితో పొరలు పొరలుగా గీకుతున్నాడు. కింద బొమ్మలున్నాయట. పోపుగారి కాలంలో వేసినవి, లూథర్ మతం వచ్చాక మనవాళ్లే సున్నం కొట్టి కప్పేశారు. ఆదాము నేల తవ్వుతున్నాడు, హవ్వ దారం వడుకుతూ ఒక కాలితో ఉయ్యాలతొట్టి ఊపుతోంది. ఆ హవ్వ మొహం అచ్చం పిండిమర మిల్లరు పెళ్లాం మొహమని ఎవరో అన్నారు, అప్పట్నుంచి మిల్లరు పెళ్లాం ఎవరితోనూ మాట్లాడటం లేదు.

రాతి బాప్తిస్మపు తొట్టిని కూడా కడిగించాడు. ఈ గోడలకంటే అదే పాతదట. దాని చుట్టూ చెక్కిన సింహాల నోట్లో వేలు పెట్టి నాన్న చేత తన్నులు తిన్నావు, గుర్తుందా? ఇప్పుడవి తెల్లగా మెరుస్తూ ఇంకా వెర్రిగా నవ్వుతున్నాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. మొన్న ఆయన గోడ మీద చెయ్యి పెట్టి, చెమ్మ పడుతోందన్నాడు. కప్పు మీంచి జారే వాన గోడ మొదట్లోనే పడి లోపలికి ఊరుతోందట. చూరు పొడుగునా రేకు కాలువ కట్టించి నీళ్లను దూరంగా పంపకపోతే హవ్వా ఉండదు, తొట్టీ ఉండదు, అంతా పొట్టులా రాలిపోతుందన్నాడు. అందరూ తలలూపారు. నేను మాత్రం తల ఊపలేదు. చీపురు పట్టుకుని అలాగే బల్ల మీద కూలబడ్డాను.

అక్కా, నీకు చెప్పని సంగతి ఒకటుంది. నా పాప పురిట్లోనే పోయిందని నీకు తెలుసు. ఎక్కడ పెట్టామో నువ్వడగలేదు, నేనూ చెప్పలేదు. బాప్తిస్మం కాని బిడ్డకు గంట మోగదు, పాస్టరు రాడు, పేరుండదు. మన ఊళ్లో తండ్రి ఆ పెట్టెను చంకలో పెట్టుకుని పొద్దున్నే వెళ్లి, చర్చి ఉత్తరపు గోడ వారన సరిగ్గా చూరు కింద పాతిపెట్టి వస్తాడు. దేవుడి ఇంటి కప్పు మీంచి జారిన వాన బిడ్డ మీద పడితే అదే బాప్తిస్మం. మిగతా ఊళ్లు ఈ పద్ధతి ఎప్పుడో మానేశాయట. మనకు ఏ పాస్టరూ దీన్ని నేర్పలేదు, ఏ పాస్టరూ వద్దని కూడా అనలేదు.

నాకు పాపను చూపించలేదు. చూస్తే మరిచిపోలేవమ్మా అని మంత్రసాని గుడ్డ కప్పి తీసుకుపోయింది. చూడకపోతే మరిచిపోతారని ఆవిడకు ఎవరు చెప్పారో. పద్నాలుగేళ్లుగా వాన పడ్డప్పుడల్లా నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి చర్చి కప్పు వైపు చూస్తాను. వానలు లేని వేసవిలో ఊరంతా పైరు కోసం ఏడుస్తుంది, నేను ఇంకోదాని కోసం ఏడుస్తాను. పొయ్యి మీద ఎన్ని గిన్నెలు మాడాయో లెక్కలేదు. ఇప్పుడు ఆ నీళ్లు కూడా దానికి దక్కకుండా చేస్తారట.

మా ఆయన థోర్వాల్ సంఘం పెద్దల్లో ఒకడు కదా. జూన్‌లో వాళ్లు చేతులెత్తి తేలుస్తారు. ఆయన కాదంటాడు, నాకు తెలుసు. ఆ పెట్టె మోసింది ఆయన చేతులే.

నీ చెల్లెలు
సిస్సెల్

*

స్కెల్‌హోయ్
జూన్

అక్కా,

ఆయన చెయ్యెత్తాడు.

ఆరాధన అయ్యాక పెద్దలు లోపలే కూర్చున్నారు. ఆడవాళ్లం ముందు వసారాలో కాఫీ పోస్తున్నాం, తలుపు తెరిచే ఉంది. కాలువ కావాలన్నవాళ్లు చేతులెత్తండని పాస్టరుగారు అడిగారు. నేను ఒక్క చేతినే చూస్తున్నాను. బొటనవేలికి రంపం గాటున్న చెయ్యి. అందరి చేతులతో పాటు అదీ లేచింది, ఏ తొట్రుపాటూ లేకుండా.

నా పక్కన బోయెల్ అవ్వ ఉంది. ఎనభై దాటిన మనిషి, ఆమె బిడ్డలిద్దరు అదే చూరు కింద ఉన్నారు. ఆమె కప్పు కింద పెట్టి, "మగాళ్లకి వాన గోడ మీద పడ్డమే కనిపిస్తుందే పిల్లా" అంది. అంతే, మళ్లీ కప్పు తీసుకుని కాఫీ తాగింది. ఆమెకు ఏడవటానికి కూడా ఓపిక లేదు.

ఇంటికొచ్చి ఆయన హెర్రింగు చేప, బంగాళాదుంపలు ఎప్పటిలాగే తిన్నాడు. ఉప్పు తక్కువైందన్నాడు. నేనేమైనా అడుగుతానేమోనని ఒకటి రెండుసార్లు నా వైపు చూశాడు. ఏమని అడగను? మరిచిపోయావా అంటే, అవునంటాడేమోనని భయం. ఆ రాత్రి నుంచి అటక మీద గదిలో పడుకుంటున్నాను. పైకెందుకని ఆయనా అడగలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో పొరుగువాళ్లలా మసులుతున్నాం.

అక్కా, నీ వంటింటి పక్క గది ఇంకా ఖాళీగానే ఉందా? కుట్టుపని వచ్చు, నీకు బరువు కాను. రేకుల మేస్త్రీ ఆగస్టులో వస్తాడట. ఆ కాలువ బిగించాక, పొడిగా ఉన్న ఆ నేలను రోజూ చూస్తూ ఈ మనిషికి వండి పెట్టటం నా వల్ల కాదు. దానికి తల్లినై ఇన్నాళ్లూ నేను చేసిందల్లా వానకు కాపలా కాయటమే. అదీ లేకపోతే ఇక్కడ నాకేం పని?

సిస్సెల్

*

స్కెల్‌హోయ్
ఆగస్టు

అక్కా,

నువ్వు స్టేషనుకు వచ్చి వెతుక్కుని ఉంటావు. క్షమించు. పెట్టె సర్దే ఉంది, పాలబండి వాడితో చెప్పుకునే ఉన్నాను.

బయల్దేరే ముందు పాపకు చెప్పి వద్దామని చర్చికి వెళ్లాను. మేస్త్రీ అప్పటికే కాలువ సగం బిగించి భోజనానికి పోయాడు. గడ్డి మీద మోకాళ్లూని కూర్చున్నాను. వెనక అడుగులు వినిపించాయి. మా ఆయన టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో పెట్టె చూసినట్టున్నాడు.

"దానికి ఆ నీళ్లు అక్కర్లేదు సిస్సెల్" అన్నాడు.

రాళ్లతో కొట్టాలనిపించింది. కానీ ఆయన ఆగకుండా చెప్పుకుపోయాడు, ఎప్పుడూ అంతసేపు మాట్లాడని మనిషి. ఆ రోజు మంత్రసాని పాపను ఆయన చేతికిచ్చి నన్ను చూడటానికి లోపలికి వచ్చిందట. వంటింట్లో నా కోసం కాచిన నీళ్లు గిన్నెలో ఉన్నాయి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అంటూ మూడుసార్లు దాని తల మీద పోశాడట. ప్రాణం మీదికొస్తే పాస్టరు లేకుండా ఎవరైనా బాప్తిస్మం ఇవ్వచ్చు, అది మనందరికీ చిన్నప్పుడు నేర్పిందే. కానీ బతికున్న బిడ్డకే ఇవ్వాలి. చనిపోయినదానికి ఇస్తే దేవుణ్ని వెక్కిరించినట్టు.

"ఊపిరుందా?" అని అడిగాను.

"చూడలేదు. చూస్తే లేదని తెలిసిపోతుందని చూడలేదు."

అందుకే పాస్టరుకు చెప్పలేదట. చెబితే ఊపిరి సంగతే మొదట అడుగుతారు. అబద్ధం చెప్పలేడు, నిజం తెలియదు. ఎందుకైనా మంచిదని చూరు కిందే పెట్టాడు. నాకెందుకు చెప్పలేదో ఆయన చెప్పక్కర్లేకుండానే తెలిసింది. ఎందుకంటే ఆయన ఇన్నేళ్లూ భయపడ్డ ప్రశ్నే అప్పటికి నా నోటి నుంచి వచ్చేసింది.

"ఏమో, ఊపిరి ఉందేమో కదా. ఉంటే నా చేతికి ఎందుకివ్వలేదు?"

 ఆయన టోపీ నలుపుతూ నిలబడ్డాడు. నేను అరవలేదు, ఏడవలేదు. కడుపులో ఇన్నేళ్లూ ఒక చోట ఉన్న నొప్పి లేచి ఇంకో చోటికి వెళ్లి కూర్చుంది, అంతే. ఆయనే మళ్లీ, వాన పడ్డప్పుడల్లా నువ్వు కిటికీ దగ్గర నిలబడటం చూస్తూనే ఉన్నాను, ఆ కాపలా ఇంక చాలనుకున్నాను అన్నాడు. నా మీద దయతోనే చెయ్యెత్తాడట. అంత దయ ఉన్న మనిషి ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఆయన్ని క్షమించానని నీకు రాయలేను. బోయెల్ అవ్వ బిడ్డల మీద ఎవరూ నీళ్లు పోయలేదు, వాళ్లకున్నది ఆ వానే, ఆమె మొహం చూడలేకపోతున్నాను.

లేచి వచ్చేస్తుంటే గుర్తొచ్చింది. బాప్తిస్మమంటే పేరు పెట్టే నీళ్లు పొయ్యాలి కదా. వెనక్కి తిరిగి, ఏమని పిలిచావు అని అడిగాను.

"కిర్‌స్టీన్" అన్నాడు.

మన అమ్మ పేరు, అక్కా. మొదటి ఆడపిల్లకు మగాడి తల్లి పేరు పెట్టాలి, వాళ్లమ్మ అప్పటికి బతికే ఉంది, తెలిస్తే ఊరుకునేది కాదు. అయినా మన అమ్మ పేరే పెట్టాడు. పద్నాలుగేళ్లు ఒక్కడే ఆ పేరు మనసులో పెట్టుకుని పొలానికి వెళ్లాడు, వచ్చాడు, ఉప్పు తక్కువైందన్నాడు.

నా పెట్టె ఇంకా విప్పలేదు. నేనింకా అటక మీదే పడుకుంటున్నాను. కానీ రానులే అక్కా. దాని పేరు తెలిసినవాళ్లం ఈ ఊళ్లో ఇద్దరమే. నేను వచ్చేస్తే ఇక్కడ ఆయన ఎవరితో అంటాడు ఆ పేరు, అక్కడ నేనెవరితో అంటాను? నిన్న రొట్టె కోస్తూ ఆయన, కిర్‌స్టీన్ ఉంటే ఈ ఏడు పెద్దపిల్లయ్యేది అన్నాడు. అవునన్నాను. ఇద్దరం చాలాసేపు రొట్టె ముట్టుకోలేదు.

నువ్వు కూడా ఒక్కసారి ఆ పేరు పైకి అను. నీ మేనకోడలు.

కిర్‌స్టీన్ తల్లి
సిస్సెల్