చూరులో రెండు కేపులు

కడప, పెద్దాసుపత్రి
24 డిసెంబరు 1957, మంగళవారం
పగలు పన్నెండు గంటలు

చిరంజీవి చెల్లెలు ఏసుమణికి,

అన్న గాబ్రియేలు దీవెనలు. ఈ ఒక్క పూట దేవుడు మీ గడప దగ్గరే కూర్చోవాలని కోరుకుంటున్నాను. మిగతా క్షేమాలు తర్వాత. ఈ కాగితం తెచ్చిన కండక్టరు బొజ్జన్నతో మాటలు పెట్టుకోకుండా పంపించేసి, ముందు దీన్ని చివరిదాకా చదువు.

లేవికి ఈ పొద్దున జ్వరం దిగి తెలివి వచ్చింది. శనివారం పాపాఘ్ని మడుగులో చేపల కోసం మందు పేలుస్తూ చెయ్యి పోగొట్టుకున్న దగ్గర్నుంచి నీ పెనిమిటి మాట్లాడటం ఇదే మొదలు. నీళ్ళు కూడా అడగలేదు. కుడిచేత్తో నా చొక్కా పట్టుకుని, "ఇంట్లో ఇంకా రెండుండాయి బావా. చూర్లో పెట్టినా" అన్నాడు.

రెండంటే రెండు కేపులు. నువ్వు ఎప్పుడూ చూసి ఉండవు. చిటికెన వేలంత పొడవు, పెన్సిలంత లావు ఉండే తెల్లటి రేకు గొట్టం. ఒక కొన మూసి, ఒక కొన తెరిచి ఉంటుంది. గనిలో రాయిని పగలగొట్టే తూటాను పేల్చేది ఇదే. చూడ్డానికి ఏ పాపమూ ఎరగనట్టుంటుంది. సెగ తగిలినా, గట్టిగా రుద్దినా, చేయి జారి బండ మీద పడినా పేలుతుంది. లేవి మూడు వేళ్ళు తీసుకుపోయింది ఇంతటిదే.

పండగని మీరు ఇల్లు దులిపి సున్నం కొట్టే ఉంటారు. ఇల్లు దులిపాక చూరులో పెట్టింది చూరులో ఉండదు. నా భయం అదే. ఈ సాయంత్రం కజ్జికాయలకు బాణలి ఎక్కిస్తారు కూడా. కాబట్టి మొదట పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి బూడిద కప్పు. నూనె కాగుతుంటే నీళ్ళు మాత్రం పొయ్యవద్దు, మంట ఎగిసి కప్పును అందుకుంటుంది. అత్తను బయటికి తీసుకురా. ఆ తర్వాత వెదుకు. కళ్ళతో వెదుకు, చేతులతో కాదు. చూరు కింద దీపం పట్టవద్దు. కనబడితే తాకవద్దు. మీ వీధి చివర నరసింహ ఉన్నాడు, మా గనిలో మందు కాల్చేవాడు, సెలవుకు వచ్చాడు. వాణ్ణి పిలిపించు, వాడే తీస్తాడు. ఒకవేళ అది ఎవరి చేతిలోనైనా ఉంటే అరవకు చెల్లీ. ఉలిక్కిపడితే జారవిడుస్తారు.

నేనే రావలసింది. ఒంటిగంటకు లేవి చేతికి ఆపరేషను. సంతకం పెట్టడానికి మనవాళ్ళు ఇంకెవరూ లేరు. గని మందు కొట్టులో దొంగతనం చేశాడని హెడ్డు కానిస్టేబులు అన్న మాట విని, ఆదివారం నువ్వు వాడి మంచం దాకా కూడా రాకుండా వెనక్కి వెళ్ళిపోయావు. దాన్ని గురించి నేనేమీ అనను. అవి కొట్టు నుంచి ఎట్లా బయటికొచ్చాయన్నది కూడా ఇప్పటి మాట కాదు.

బస్సు కదులుతోంది.

నీ అన్న
గాబ్రియేలు

*

కమలాపురం
25 డిసెంబరు 1957, బుధవారం

పూజ్యులైన అన్నకు,

చెల్లెలు ఏసుమణి నమస్కారాలు. ఇంట్లో ఇద్దరమూ ప్రాణాలతో ఉన్నాం. ఈ క్రిస్మస్‌కు ఇంతకంటే మంచి కబురు నేను రాయలేను.

నిన్న బొజ్జన్న వచ్చేసరికి నేను గుడిలో కాగితప్పూలు కడుతున్నాను. నిలబడే చదివాను. గుడికీ మా ఇంటికీ మధ్య ఇళ్ళు నాలుగే. ఆ నాలుగు ఇళ్ళూ పరుగెత్తాను. మా వాకిలి కనబడగానే అరవవద్దన్నావని గుర్తొచ్చి నడిచాను. పైకి చూస్తే చూరంతా ఊడ్చి, దూలాల దాకా సున్నం కొట్టి ఉంది. నేను బడిలో పిల్లలకు చదువు చెబుతుండగా అత్త సోమవారమే చేసింది ఆ పని. గూడు గూడూ చూస్తూ పోతున్నాను. లోపలి నుంచి కాగే నూనె వాసన వస్తోంది. పెరట్లో గరగరమని ఏదో చప్పుడు.

అత్త నూరుడు బండ ముందు కూర్చుని ఉంది. ఆమెకు చూపు మందమని నీకు తెలుసు కదా, చేతిలోది మొహానికి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది, మళ్ళీ బండకేసి అరగదీస్తోంది. తెల్లటి రేకు గొట్టం.

ఏం చేస్తున్నావని మెల్లగా అడిగాను. కిరసనాయిలు బుడ్డికి వత్తి గొట్టం తుప్పుపట్టి పోయిందట, చూరు దులుపుతుంటే ఇవి రెండు దొరికాయట. "ఒకపక్క మూసుకోనుండాది మే. ఈ మూతి అరగదీస్తే వత్తి దూరుతాది" అంది.

నేను పోయి పక్కన కూర్చున్నాను. అది ఇటివ్వమంటే ఇవ్వదని తెలుసు. చేతులకు సున్నం ఉంది కడుగుతానన్నాను. తర్వాత కడుగుదువులే అంది. పొయ్యి మీద నూనె మాడుతోందన్నాను. నువ్వు పోయి చూడమంది. ఒక్కో మాటకూ ఒకసారి బండకేసి రుద్దుతోంది. అన్నా, ఆ చప్పుడు వింటూ నేను ఆమె మోచేతినే చూస్తున్నాను. లాక్కోవాలని చెయ్యి లేచింది, దించుకున్నాను. అప్పటికీ ఆమెకు తన కొడుకు చేతిలో ఏం పేలిందో మేమెవరమూ విడమరిచి చెప్పలేదు. ముసలి ప్రాణం తట్టుకోలేదని మందు అన్నామంతే. ఇక దాచి లాభం లేదనిపించింది.

"అత్తా, నీ కొడుకు చెయ్యి తీసుకపోయింది అదే" అన్నాను.

రుద్దడం ఆగింది. ఆమె ఉలిక్కిపడలేదు, ఏడవలేదు. కొంచెంసేపు దానివైపే చూసింది. పక్కన సున్నానికి కలపగా మిగిలిన ఇసుక ఉంది. ఆ ఇసుక మీద, పురిటి బిడ్డను పడుకోబెట్టినట్టు దాన్ని పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను ఆమె రెండు భుజాలూ పట్టుకుని వీధిలోకి తెచ్చి ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టాను. నరసింహ కోసం ఆ ఇంటివాళ్ళు పరుగెత్తారు.

రెండోది యాడ పెట్టినావని అడిగితే ఆమెకు జ్ఞాపకం రాలేదు. తల పట్టుకుని కూర్చుంది. నూనె లోపల ఇంకా కాగుతూనే ఉంది. నరసింహ వచ్చేదాకా ఆగుదామా అనుకున్నాను, ఆగలేకపోయాను. లోపలికి పోయి కట్టెలు లాగాను. తొందరలో ఒక కొరివి అరచేతికి తగిలింది. బూడిద కప్పుతుండగా బయటి నుంచి అత్త అరిచింది, "అగ్గిపెట్టె కాడ మే, పొయ్యిగూట్లో" అని.

తలెత్తితే అది నా కళ్ళకెదురుగా ఉంది. పొయ్యి వెనక గోడలో గూడు, గూట్లో అగ్గిపెట్టె, అగ్గిపెట్టెకు ఆనించి రేకు గొట్టం. గోడ పెనంలా కాలుతోంది. నేను వెనక్కి వెనక్కి నడుస్తూ బయటపడ్డాను. వీపు తిప్పాలంటే భయం వేసింది, ఎందుకో తెలియదు.

నరసింహ వచ్చి ఎవరినీ ఇంటి దరిదాపులకు రానివ్వలేదు. గోడ చల్లారేదాకా గంటసేపు వాకిట్లో కాచుకున్నాడు. తర్వాత ఒక్కడే లోపలికి పోయి, దూది పరిచిన చెక్కపెట్టెలో రెండింటినీ తెచ్చి, ఊరి బయట బీడు నేలలో పేల్చేశాడు. ఆ రెండు మోతలూ గుడి దాకా వినిపించాయి. పండగ టపాకాయలు అనుకున్నారు అందరూ.

ఈ రోజు ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటే లేచి నీ పేరు చెప్పాను. నీ ఉత్తరం ఒక్క బస్సు ఆలస్యమై ఉంటే మా ఇంట్లో ఈ పండగ లేదు. నాకు నువ్వు ఒక్కడివే మిగిలావు అన్నా.

లేవి సంగతి నాతో ఎత్తవద్దు. దొంగసొమ్ము తెచ్చి కన్నతల్లి నెత్తిమీద చూరులో పెట్టి, చెప్పకుండా పోయిన మనిషి అతను. ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక ఎక్కడ ఉంటాడో అతని ఇష్టం, నేను తలుపు తియ్యను. అత్తను నేనే చూసుకుంటాను. ఆమె నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తోంది.

నీ చెల్లెలు
ఏసుమణి

*

ముగ్గురాయి గని, పులివెందుల దారి
2 జనవరి 1958, గురువారం

చిరంజీవి ఏసుమణికి,

అన్న గాబ్రియేలు దీవెనలు. కొత్త సంవత్సరం నిన్నూ అత్తనూ చల్లగా చూడాలి. నీ ఉత్తరం చేరి వారమైంది. జవాబు రాయాలని రెండుసార్లు కూర్చుని లేచిపోయాను. నీ అరచేతి కాలిన గాయానికి ఏం రాస్తున్నావో తెలియజేయి. దాన్ని తడవనివ్వకు.

లేవికి ఎడమచేతి మూడు వేళ్ళూ మొదలంటా తీసేశారు. బొటనవేలు, చిటికెన వేలు నిలిచాయి. కంటికి దెబ్బలేదని డాక్టరు చెప్పాడు. వాడు అడిగేది ఒక్కటే, అమ్మకు ఏం కాలేదు కదా అని. ఏం కాలేదని రోజూ చెప్పాను, నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ. నీ గురించి అడగడు. తలుపు చప్పుడైతే మాత్రం తల తిప్పుతాడు.

ఈ రోజే గని తెరిచారు. సంక్రాంతి లోపల సరుకంతా రైలు స్టేషనుకు చేరాలని యజమాని పట్టు. కూలీలకేమో క్రిస్మస్ మత్తు దిగలేదు, అప్పుడే సంక్రాంతి మీదికి పోయింది మనసు. పండగకు ముందూ పండగ తర్వాతా మనిషి చెయ్యి పని మీద ఉంటుంది, చూపు ఇంటి మీద ఉంటుంది. పొద్దున మొదటి మందు పేలిన పొగ విడవకముందే ఇద్దరు గడ్డపారలు పట్టుకుని దిగబోయారు. రాతిలో తొలిచి మందు పెట్టిన పది బెజ్జాలకు తొమ్మిది మోతలే విన్నాను నేను. అడ్డంపడి ఆపాను. పేలని తూటా రాళ్ళ కింద ఉండగా గడ్డపార దించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. ఆ పూటంతా పని ఆపేయించాను. యజమానికి కోపం వచ్చింది, రానీ అనుకున్నాను.

పని లేదు కాబట్టి అందరినీ కూర్చోబెట్టాను. మోతలు లెక్కపెట్టనిదే, పొగ పోయి అరగంట కానిదే ఎవరూ దిగకూడదన్నాను. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు అందరి మూటలూ గేటు దగ్గర విప్పి చూపాలి, మొదటి సంచి నాది అన్నాను. ఇళ్ళల్లో కేపులో తూటాలో ఏవైనా దాచి ఉంటే తాకకుండా వచ్చి చెప్పండి, పేరు అడగనన్నాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు మీ ఇంట్లో జరిగింది చెప్పాను. నూరుడు బండ, బుడ్డి గొట్టం, పొయ్యిగూట్లో అగ్గిపెట్టె, అన్నీ. మధ్యాహ్నానికి ముగ్గురు వచ్చి ఊళ్ళ పేర్లు చెప్పారు. నరసింహను పంపుతున్నాను.

అందరూ లేచిపోతుంటే, రాళ్ళు మోసే సుంకమ్మ వెనక ఆగింది. "ఆ కేపులు లేవికి ఎట్లొచ్చినాయి మేస్త్రీ? మందు కొట్టు తాళంచెవి నీ మొలకే ఉంటాది కదా" అని అడిగింది. నీ దారిన నువ్వు పొమ్మన్నాను.

అత్తను కొంచెమైనా తినమని చెప్పు. ఆమె తప్పు లేదని చెప్పు.

నీ అన్న
గాబ్రియేలు

తా.క. 3వ తేదీ, ఉదయం.

ఉత్తరం మడిచి కవరులో పెట్టాను కానీ అంటించలేకపోయాను. సుంకమ్మకు చెప్పనిది నీకు చెప్పాలి.

లేవి దొంగతనం చెయ్యలేదు. శుక్రవారం సాయంత్రం సెలవు ఇచ్చేటప్పుడు కొట్టు తాళం తీసి నాలుగు కేపులు నా చేత్తో వాడి సంచిలో వేశాను. తూటాలు కూడా నేనే ఇచ్చాను. ఆదివారం సంఘం విందుకు చేపలుండాలని ముచ్చటపడింది నేను. వాడు వద్దన్నాడు. వల వేస్తాలే బావా అన్నాడు. నీ వలకు పడేవి పిల్లికి కూడా చాలవని నేను నవ్వాను.

శనివారం మడుగు గట్టున నిలబడి చూసినవాళ్ళను అడిగాను. రెండు మోతలు విన్నామన్నారు. అంటే ఇంకో రెండున్నాయని ఆ నిమిషానే తెలుసు నాకు. నీళ్ళలో పడిపోయి ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. నీకు చెబితే నాలుగని నాకెట్లా తెలిసిందని పోలీసులు అడుగుతారు. అందుకే కొట్టులో తగ్గింది రెండేనని పోలీసులకు చెప్పాను. శనివారం నుంచి మంగళవారం దాకా నువ్వూ అత్తా ఆ కప్పు కింద పొయ్యి వెలిగించుకున్నారు. నేను కడపలో కూర్చుని ఉన్నాను. లేవి నోరు తెరిచి ఉండకపోతే ఆ మంగళవారం కూడా రాసేవాణ్ణి కానేమో. ఆ మనిషి పేరే నువ్వు గుడిలో చెప్పావు.

ఆపరేషను అయ్యాక హెడ్డు కానిస్టేబులు మంచం దగ్గరికొచ్చి అడిగితే, నేనే ఎత్తుకున్నానని లేవి చెప్పాడు. ఎందుకట్లా అన్నావని తర్వాత అడిగాను. "నాకెట్లాగూ చెయ్యి పోయింది. నువ్వు పోతే గనిలో నీ అంత మందు తెలిసినోడు లేడు బావా" అన్నాడు. నేను తల ఊపాను.

ఇప్పుడే తాళంచెవి యజమాని బల్ల మీద పెట్టి ఇదంతా చెప్పి వచ్చాను. గనికి చెడ్డపేరు, ఊరుకొమ్మన్నాడు. పోలీసు స్టేషనుకు పోతున్నాను, దారిలో ఇది డబ్బాలో వేస్తాను. నన్ను గురించి ఏమనుకోవాలో నీ ఇష్టం.

లేవికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే అడ్డం పడతాడు. సోమవారం వాడి చేతికి కట్టు విప్పుతారు చెల్లీ. వాడు ఆ చేతిని మొదటిసారి చూసేది అప్పుడే. పక్కన మనిషి ఉండడు.