దొరకని పేరుకు యాదయ్య జవాబు

జూన్ 9, సోమవారం

రేణుక మళ్లీ వచ్చింది, పెన్‌డ్రైవ్ కొంగుకు ముడేసుకుని. పాశమైలారం ఫ్యాక్టరీలో తన బల్ల మీది కంప్యూటర్లో ప్రోగ్రాము చక్కగా మాట్లాడుతుందట. గేటు దగ్గరి దాంట్లో పెడితే ఉలుకూ పలుకూ లేదట.

"గేటు కాడికి ఏం తీస్కపోయినవ్ బిడ్డా?"

"తెర మీద బొమ్మ ఉంటది గదా కాకా. గది కాపీ కొట్టుకొని పోయిన."

అంటే షార్ట్‌కట్టు. ఇంటి అడ్రసు రాసిన కాగితం పట్టుకెళ్లి గేటు దగ్గర పెట్టి, ఇల్లింకా రాలేదేమని ఎదురుచూసింది. నవ్వాను. తనూ నవ్వింది. నవ్వితే అచ్చం యాదయ్యే — పై పెదవి ఒకవైపే లేస్తుంది. నా నవ్వు అక్కడే ఆగింది.

పదహారున కొత్త కూలీలు దిగుతారు. ఒడిశా, బీహారు. ట్యాంకుల మీది ఇంగ్లీషు చదవలేరు. తెర మీద ట్యాంకు నంబరు నొక్కితే లోపల ఏముందో, ఏం చేయకూడదో పైకి చెప్పాలి. అదీ రేణుక ప్రోగ్రాము. సేఫ్టీ క్లర్కు పని చేసుకుంటూ, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. గొంతు మాత్రం నేనెప్పుడో రాసిన లైబ్రరీది. అందులో మాట్లాడేది వాళ్ల నాన్న, యాదయ్య.

జూన్ 10

"లైబ్రరీ అంటే ఏంది కాకా?"

నాకు లైబ్రరీ అనగానే సంగారెడ్డి గ్రంథాలయం. పేపరు మీద తల వాల్చి నిద్రపోయే పెద్దమనుషులు, అట్టలు లేని పుస్తకాలు. అప్పట్లో ఆ ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే మెకానిక్‌ని, కంప్యూటరు నేర్చుకున్నది అక్కడే. ఆ పుస్తకంలో మొదటి ముప్పై పేజీలు ఎవరో చింపుకుపోయారు. అందుకే ఏ పనైనా నడిమధ్య నుంచే మొదలుపెడతాను. పెళ్లి కూడా అంతే... సరే, అది వేరే కథ.

ఎవరో ముందే చేసిపెట్టిన పని, పిలిస్తే పలుకుతుంది, అని చెప్పాను. ఎక్కడికి పోయినా వెంట మోసుకుపోవాలి. ప్రోగ్రాము, లైబ్రరీ ఫైలు, శబ్దాల ఫోల్డరు — మూడూ.

"మూడిట్ల ఒకటి మర్సిపోతే?"

"నోరు తెర్వదు" అన్నాను. పెద్ద పండితుడిలా.

జూన్ 11

వాన. పాత శబ్దాలన్నీ విన్నాను. "యాసిడు. నీళ్లు పొయ్యొద్దు. పానీ మత్ డాలో." ప్రతిదాని చివరా గొంతు సవరించుకున్న చప్పుడు. చెరిపెయ్యమని యాదయ్య అప్పుడే చెప్పాడు. చెరపలేదు.

జూన్ 12

మధ్యాహ్నం ఫోను. "మాట్లాడింది కాకా! నాలుగు కంప్యూటర్లల్ల నాయిన మాట్లాడిండు!"

అక్కడే ఇంకో కంపెనీలో సేఫ్టీ చూసే సుధాకర్ అడిగితే వాళ్లకూ ఒక కాపీ ఇచ్చిందట. మంచి పని చేసినవ్ అన్నాను. ఆ సంతోషంలో, డాక్టరు వద్దన్న మిర్చిబజ్జీలు నాలుగు తిన్నాను.

జూన్ 13

చూసిరావాలనిపించి ఆటోలో వెళ్లాను. గేటు గదిలో కుర్చీ వేసి, నన్ను కూర్చోబెట్టి, నన్నే నొక్కమంది.

మొదటి ట్యాంకు. సాల్వెంటు.

"ఏం గాదు."

యాదయ్య. స్పష్టంగా, తీరిగ్గా.

మూడో ట్యాంకు. యాసిడు.

"ఏం గాదు."

ఏడు, తొమ్మిది, పదకొండు... ఏం గాదు, ఏం గాదు, ఏం గాదు.

రేణుక వంగి ఇంకో ట్యాంకు తనే నొక్కింది, అదే మాట. "నేను ఒక్కొక్క కంప్యూటర్ల ఒక్కటే ట్యాంకు నొక్కి సూసిన కాకా, సౌండ్ వస్తుందా లేదా అని. ముందుగాల ధైర్యం చెప్తుండేమో అనుకున్న. నాకు జ్వరమొస్తే గట్లనే అనేటోడు..."

తప్పు తనది కాదు. శబ్దాల ఫోల్డరు ఎక్కడుందో లైబ్రరీలోనే రాసిపెట్టాను — డి డ్రైవు, యాదయ్య అనే ఫోల్డరు. రేణుక కంప్యూటర్లో అది ఉంది, నేనే పెట్టాను గనక. మిగతావాటికి అసలు డి డ్రైవే లేదు. మూడూ మోసుకొచ్చింది పిల్ల. పక్కనే ఉన్న ఫోల్డరు వైపు నా లైబ్రరీ కన్నెత్తి చూడదు. లేని యాదయ్యను వెతుకుతుంది. దొరక్కపోతే నోరు మూసుకోదు.

నాలుగింటినీ ఆపించాను. సుధాకర్ ఫోను కలవడం లేదు.

జూన్ 14

ఆ మాట అందులోకి ఎలా వచ్చిందంటే — రికార్డు చేస్తున్న రోజు. పాత ఆఫీసు గది, ఫ్యాను ఆపేసి, ఇద్దరం చెమటలు కక్కుతున్నాం. శబ్దం ఫైలు పేరు దొరకనప్పుడల్లా ప్రోగ్రాము కూలిపోతోంది. "దొరకకపోతే ఏమనాలె యాదయ్యా?" అన్నాను. కుర్చీ వెనక్కి వాల్చి, "ఏం గాదు" అన్నాడు. మైకు తెరిచే ఉంది. తమాషాగా ఉందని అదే పెట్టేశాను. తర్వాత తీసేద్దామనుకున్నాను.

ఇవాళ తీశాను. ఇక ఫోల్డరును ప్రోగ్రాము పక్కనే వెతుకుతుంది. దొరక్కపోతే నా గొంతు: "ఆగు. తెల్వదు. అడుగు. రుకో." ముసలి కప్పలా ఉంది. ఉండనీ.

రేణుక తెర వైపే చూస్తూ అంది: "నాయిన మాట తీసేస్తవా?"

"తీస్త బిడ్డా. నీ ఫోన్ల వేసిస్త, ఇంట్ల విను. ట్యాంకుల కాడ వద్దు."

తన ఫోను నా చేతిలో పెట్టి: "గీ మాట మల్లెప్పుడన్న అన్నడా కాకా?"

టీ మీద మీగడ కట్టింది. దాన్ని వేలితో తీస్తూ కూర్చున్నాను.

జూన్ 15, ఆదివారం

అన్నాడు.

రికార్డింగైన ఆరు నెలలకు. ట్యాంకు కడగడానికి దిగబోతూ. లోపలి గాలి పరీక్షించే మీటరు నా చేతిలోనే ఉంది, బ్యాటరీ అయిపోయి. పది నిమిషాలాగమందామనుకున్నాను. నా ముఖం చూసి వాడే అన్నాడు. నేను మూత పట్టుకున్నాను. వాడు బతికి పైకి రాలేదు.

జూన్ 16, సోమవారం

ఉదయం పాశమైలారం వెళ్లాను. రేణుక దగ్గర నాలుగూ సరిగ్గా మాట్లాడుతున్నాయి. ఒక్కో ట్యాంకూ నొక్కి, కళ్లు మూసుకుని విన్నాం. ఒంటిగంటకు సుధాకర్ ఫోను కలిసింది. సొంతూళ్లో పెళ్లి, వెనక బాజాలు.

"మస్తు పని చేస్తుంది సార్! ఏ ట్యాంకు నొక్కినా జవాబిస్తది."

"ఏమని?"

"అన్నిటికి ఒక్కటే సార్. ఏం గాదు అంటది. బీహారోళ్లు గుడ నేర్చుకున్నరు. నొక్కంగనే దాంతోని కలిసి వాళ్లే అంటున్నరు!" నవ్వుతున్నాడు.

"బందు జెయ్యి! జల్దీ బందు జెయ్యమను!"

"నేను ఊర్ల ఉన్న గదా సార్. ఎవలు ఎత్తుతలేరు ఆడ. రెండింటికి షిఫ్టు. ఇయ్యాల ట్యాంకు కడుగుడు గుడ..."

సుధాకర్ కంపెనీకి ఆటోలో, ఆ పది నిమిషాల్లో, రేణుకకు చెప్పేశాను. మీటరు, బ్యాటరీ, మూత. కథ చెప్పడం వచ్చినవాణ్ని, ఒక్క వాక్యం కూడా కుదురుగా రాలేదు. తను రోడ్డు వైపే చూసింది. కాకా అనలేదు.

ఒంటిగంటా నలభై. గేటు ముందు బల్ల. చేసేదేం లేక ఇది రాస్తున్నాను. రేణుక బల్లకు ఆ చివర. పాస్ లేనిదే లోపలికి వదలడట గార్డు. చీటీ రాసి పంపాను — ట్యాంకు దగ్గరి కంప్యూటరు ఆపండి, ఎవరినీ దింపకండి. తీసుకెళ్లినవాడు తిరిగి రాలేదు.

షెడ్డు కిటికీలోంచి వినిపిస్తోంది. ఎవరో నొక్కుతున్నారు. యాదయ్య చెబుతున్నాడు. పడుచు గొంతులు నాలుగైదు, వాడితో కలిసి.

మళ్లీ గార్డు దగ్గరికి వెళ్లాను. చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని, మంచిగానే అన్నాడు, పెద్దవాణ్నని:

"ఏం గాదు తీ పెద్దాయినా. కూసో."

రేణుక లేచింది. గేటు సందులోంచి లోపలికి దూరింది, ట్యాంకుల వైపు. గార్డు కేకలేస్తున్నాడు.

నేనింకా రాస్తూనే ఉన్నాను. లేవాలి. కలం మూత—