లేని ఏబెల్‌కు ఇడ్లీలు

లోకేశ్వరీ, ఇడ్లీలు మూతపెట్టి ఉంచు. ఫోటోగ్రాఫర్ ఏబెల్ అలిగి బస్టాండుకు పోయాడు, పట్టుకురావడానికి పోతున్నాను. అతను రాకపోతే ముహూర్తానికి నా సెల్‌ఫోనే గతి. నేను తీస్తే ఫోటోల్లో మన పెళ్లికూతురు భార్గవికి తలకాయ ఉండదు.

నిన్న నలుగు పెట్టేటప్పుడు, ఫోటోలు సహజంగా రావాలని, "నా వైపు చూడొద్దండి, నేను లేననుకోండి" అన్నాడు. మనవాళ్లు నిజంగానే లేడనుకున్నారు. భోజనాల బంతిలో అతనికి ఆకు వేయలేదు. అడిగితే మా అమ్మ, "లేనోడికి ఆకు యాడ ఏసేదిరా?" అనింది. మీ తమ్ముడైతే అతన్ని లోపలే ఉంచి గదికి తాళం వేశాడు. తీసేవాడికి పెట్టకపోతే ఎట్లా?

అందరికీ గట్టిగా చెప్పు: లేడనుకోవాల్సింది ఫోటో తీసేటప్పుడే, భోజనాలప్పుడు కాదు.

మరిచాను. నిన్న నువ్వు పడీపడీ నవ్విన ఫోటో అతని కెమెరాలోనే ఉంది. మన పెళ్లి ఆల్బమంతా వెతికినా నీ నవ్వు లేదు. అసలు నా పరుగు దానికోసమే.