గదిలోకి నువ్వు కూడా రా

చిన్నీ,

ఫోన్‌లో చెబుదామంటే నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. మీ ఆయనకు చూపించకు.

ఆ రోజు నువ్వు ఆసుపత్రిలో బయట బెంచీ మీద కూర్చున్నావు. లోపల డాక్టరమ్మ, "చనుమొన నుంచి నీరు దానంతటదే కారుతోందా, నొక్కితేనా?" అని అడిగింది. నొక్కితేనే అన్నాను. "ఒకవైపేనా?" అంది. రెండువైపులా అన్నాను. రెండూ అబద్ధాలే. ఎడమవైపే, దానంతటదే, రక్తపు చారతో వస్తోంది. చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు, ఆ పొద్దున ఉన్నదంతా పిండేసి, తుడుచుకుని వెళ్ళాను. ఆవిడ నొక్కి చూస్తే చుక్క రాలేదు.

"అలాగైతే కంగారు లేదమ్మా. ఒకవైపే, రక్తంతో వస్తే మాత్రం పాలనాళంలో చిన్న కండ పెరిగిందేమో స్కాన్ తీసి, ముక్క తీసి చూడాలి. చాలావరకు ప్రమాదం లేనిదే అయ్యుంటుంది, కానీ చూడందే చెప్పలేం" అంది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. తల వంచుకుని గుండీలు పెట్టుకున్నాను. డాక్టరు దగ్గర సిగ్గేంటని మీ అందరినీ కసిరిన పెద్దక్కనే.

బయటికొచ్చి కంగారు లేదందని చెబితే నువ్వు, "ఏమీ లేదన్నా ఆ ఏడుపు మొహమేంటక్కా!" అని నవ్వావు.

ఇప్పటికీ కారుతూనే ఉంది. ప్రార్థనలో దేవుడికి అంతా చెప్పుకుంటున్నాను. కానీ స్కాన్ రాసిచ్చేది ఆవిడ కదా.

సోమవారం మళ్ళీ వెళ్దాం. ఈసారి తుడుచుకోను. నువ్వు బయట కూర్చోకు. ఆవిడ అడిగినప్పుడు నేను తల వంచుకుంటే, నువ్వు చెప్పు.

పెద్దక్క